ముద్ర కనిపిస్తుంది, వేసిన చెయ్యి కనిపించదు: యుబిక్విటిన్ లైగేజ్‌ల వెనక ప్రొటియోమిక్స్ వేట

థాలిడోమైడ్ 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. గర్భిణులు వేవిళ్ళు తగ్గడానికి వాడారు. చేతులు, కాళ్ళు ఎదగని పిల్లలు పుడుతున్నారని తెలిశాక 1961 చివర్లో అక్కడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు దాని బారిన పడ్డారు. తర్వాత అదే మందు, దానికి దగ్గరి చుట్టమైన లెనాలిడోమైడ్ మల్టిపుల్ మయలోమా అనే రక్త క్యాన్సర్‌కు చికిత్సగా తిరిగొచ్చాయి. రోగుల ఆయుష్షు పెరిగింది. కానీ ఈ అణువు కణంలోకి వెళ్ళి ఏం చేస్తోందో అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ తెలియలేదు.

2010లో జపాన్‌లో హిరోషి హండా, తకుమి ఇటో బృందం థాలిడోమైడ్‌ను సన్నని పూసలకు అతికించి, కణాల సారంలో ముంచి, దానికి ఏ ప్రొటీన్ అంటుకుంటుందో చూసింది. దొరికింది సెరెబ్లాన్. అదొక యుబిక్విటిన్ లైగేజ్‌లో భాగం. యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను వేరే ప్రొటీన్ల మీద ముద్రలా అతికించే ఎంజైమే ఈ లైగేజ్. సెరెబ్లాన్ అందులో ఏ ప్రొటీన్‌ను పట్టుకుని ముద్ర వేయాలో ఎంచుకునే భాగం. తాళం దొరికింది సరే, అది ఏ తలుపుకు వేసి ఉందో తెలియాలి కదా. థాలిడోమైడ్ అంటుకున్నాక సెరెబ్లాన్ ఏ ప్రొటీన్ మీద ముద్ర వేస్తోంది?

జవాబు 2014 జనవరిలో వచ్చింది, అదీ రెండు బృందాల నుంచి ఒకేసారి. అందులో బెంజమిన్ ఎబర్ట్ బృందం వాడిన దారి ప్రొటియోమిక్స్, అంటే కణంలోని వేల ప్రొటీన్లను ఒకేసారి కొలవడం. మయలోమా కణాలకు లెనాలిడోమైడ్ ఇచ్చి, వేల ప్రొటీన్లలో ఏది తగ్గింది, దేని మీద యుబిక్విటిన్ పెరిగింది అని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో, అంటే అణువుల బరువు తూచే యంత్రంతో కొలిచారు. ఇకారోస్, ఐయోలోస్ అనే రెండు ప్రొటీన్లు రెండు కొలతల్లోనూ బయటపడ్డాయి. మయలోమా కణాలు బతకాలంటే ఈ రెండూ కావాలి. మందు ఎలా పనిచేస్తోందో అక్కడ తేలింది. పిల్లల అంగవైకల్యానికి కారణం మాత్రం 2018 దాకా తేలలేదు. మానవ పిండ మూలకణాల్లో ఇలాంటి కొలతే చేస్తే సాల్4 అనే ప్రొటీన్ మాయమవుతున్నట్టు కనిపించింది. ఆ జన్యువులో పుట్టుకతో లోపం ఉన్నవాళ్ళకు చేతులు ఎదగని జబ్బు వస్తుందని అప్పటికే తెలుసు. చిట్టెలుకల సెరెబ్లాన్‌లో కీలకమైన చోట ఒక అమైనో ఆమ్లం వేరుగా ఉంటుంది, వాటి సాల్4 కూడా మనదానికి భిన్నం. అందుకే వాటికి ఈ మందు ఎంత ఇచ్చినా మనుషుల్లో కనిపించిన వైకల్యం రాలేదు.

ఈ కథ ముందు చెప్పడానికి కారణం ఉంది. ఒక లైగేజ్ ఏ ప్రొటీన్ల మీద పనిచేస్తుందో తెలియడానికీ, తెలియకపోవడానికీ మధ్య మనుషుల జీవితాలు ఉంటాయి. మన కణాల్లో ఇలాంటి లైగేజ్‌లు ఆరువందలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సబ్‌స్ట్రేట్‌లు, అంటే అవి ముద్ర వేసే ప్రొటీన్లు, ఇప్పటికీ ఒకటో రెండో తప్ప తెలియవు. కొన్నిటికి అసలే తెలియవు.

ముద్ర ఎలా పడుతుంది

యుబిక్విటిన్ 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. దాన్ని ఇంకో ప్రొటీన్‌కు అతికించడానికి మూడు రకాల ఎంజైమ్‌లు వరుసగా పనిచేస్తాయి. మొదటిది ఇ1, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చు పెట్టి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది. ఇవి మనలో రెండే. రెండోది ఇ2, యుబిక్విటిన్‌ను మోసుకెళ్తుంది. ఇవి దాదాపు నలభై. మూడోది ఇ3, అంటే లైగేజ్. ఏ ప్రొటీన్‌కు అతికించాలో చూసుకునేది ఇదే. ఎంపిక బాధ్యత దీనిది కాబట్టే సంఖ్య వందల్లోకి వెళ్ళింది.

యుబిక్విటిన్ తోక చివర రెండు గ్లైసిన్‌లు ఉంటాయి. ఆ చివర సబ్‌స్ట్రేట్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. యుబిక్విటిన్‌లోనూ ఏడు లైసిన్‌లు ఉన్నాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి అతుక్కుని గొలుసులు కడతాయి. 48వ లైసిన్ మీదుగా కట్టిన గొలుసు కనిపిస్తే ప్రొటియాజోమ్ అనే యంత్రం ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుంది. 63వ లైసిన్ మీదుగా కట్టిన గొలుసుకు సాధారణంగా చావుతో సంబంధం ఉండదు. అది సంకేతాలకు, మరమ్మతులకు పనికొస్తుంది. ఈ వ్యవస్థను బయటపెట్టిన ఆరన్ చీహనోవర్, అవ్‌రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఒక ప్రొటీన్ మీద యుబిక్విటిన్ ఉందని తెలిసినా, దాన్ని ఏ లైగేజ్ పెట్టిందో ఆ ముద్రను చూసి చెప్పలేం. ఆరువందల చేతులు వేసే ముద్ర ఒకటే. చేతిగుర్తు దాని మీద మిగలదు. ఈ రంగంలో పుట్టుకొచ్చిన పద్ధతులన్నీ ఆ పోయిన చేతిగుర్తును ఏదో విధంగా తిరిగి రాబట్టే ప్రయత్నాలే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ఏ పద్ధతి ఎందుకు పుట్టిందో, ఎక్కడ ఆగిపోతుందో సులువుగా అర్థమవుతుంది.

పోలీసు దర్యాప్తులాగే ఇక్కడా కొన్ని అదనపు కష్టాలున్నాయి. లైగేజ్ తన సబ్‌స్ట్రేట్‌ను క్షణకాలం తాకి వదిలేస్తుంది. ముద్ర పడ్డ ప్రొటీన్ చాలాసార్లు కాసేపట్లో ముక్కలైపోతుంది. ముక్కలు కాకపోతే ముద్రను చెరిపేసే ఎంజైమ్‌లు దాదాపు వంద ఉన్నాయి. ఒకే ప్రొటీన్ మీద రెండు మూడు లైగేజ్‌లు పనిచేస్తే, ఒకదాన్ని తీసేసినా ఇంకోటి ఆ పని కానిచ్చేస్తుంది. పైగా చాలా లైగేజ్‌లు సమయం చూసుకుని పనిచేస్తాయి. బీటా-టీఆర్‌సీపీ అనే లైగేజ్ భాగం ఐకప్పాబీ ప్రొటీన్‌ను పట్టుకోవాలంటే ముందు దాని మీద రెండు చోట్ల ఫాస్ఫేట్ చేరాలి. వీహెచ్‌ఎల్ అనేది హిఫ్ ప్రొటీన్‌ను పట్టుకోవాలంటే కణంలో ఆక్సిజన్ ఉండాలి. ఆక్సిజన్‌ను కణం పసిగట్టే ఈ తీరు మీద జరిగిన పనికే 2019 వైద్య నోబెల్ ఇచ్చారు. తప్పు సమయంలో, తప్పు కణంలో వెతికితే అసలైన సబ్‌స్ట్రేట్ మన కళ్ళెదుటే ఉండి కూడా ముద్ర లేకుండా ఖాళీగా కనిపిస్తుంది.

రెండు గ్లైసిన్‌ల గుర్తు

మాస్ స్పెక్ట్రోమీటర్ ప్రొటీన్‌ను ఉన్నదున్నట్టు చదవడం కష్టం. అందుకని ముందుగా ట్రిప్సిన్‌తో ప్రొటీన్లను చిన్న ముక్కలు, అంటే పెప్టైడ్‌లు చేస్తారు. ట్రిప్సిన్ లైసిన్ తర్వాత, ఆర్జినిన్ తర్వాత మాత్రమే కోస్తుంది. యుబిక్విటిన్ తోక ఆర్జినిన్, గ్లైసిన్, గ్లైసిన్ అని ముగుస్తుంది. ట్రిప్సిన్ ఆ ఆర్జినిన్ దగ్గర కోసేస్తే యుబిక్విటిన్ మొత్తం ఊడిపోయి, సబ్‌స్ట్రేట్ లైసిన్ మీద రెండు గ్లైసిన్‌లు మాత్రం మిగులుతాయి. ఆ లైసిన్ బరువు 114.043 డాల్టన్లు పెరుగుతుంది. పైగా ముద్ర ఉన్న లైసిన్ దగ్గర ట్రిప్సిన్ కోయలేదు కాబట్టి పెప్టైడ్ మామూలుకన్నా పొడుగ్గా మిగులుతుంది. ఈ రెండు ఆనవాళ్ళు కలిస్తే యుబిక్విటిన్ ఏ ప్రొటీన్‌లో, ఏ లైసిన్ మీద కూర్చుందో అంకెతో సహా తెలిసిపోతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా అందమైన సంగతి ఇదే. దీన్ని ఎవరూ రూపొందించలేదు. యుబిక్విటిన్ తోక, ట్రిప్సిన్ అలవాటు అలా కలిసొచ్చాయి.

2003లో స్టీవెన్ గైగీ బృందం ఈస్ట్ కణాల్లో ఈ గుర్తు కోసం వెతికితే 110 చోట్లు దొరికాయి. అప్పట్లో అది గొప్ప సంఖ్య. అంతకు మించి దొరక్కపోవడానికి కారణం, ముద్ర పడ్డ పెప్టైడ్‌లు మిగతావాటి మధ్య ఇసుకలో ఆవగింజల్లా ఉండటం. 2010లో రెండు గ్లైసిన్‌లున్న లైసిన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వచ్చింది. దానితో ఆ పెప్టైడ్‌లను ముందే ఏరుకోవచ్చు. మరుసటి సంవత్సరమే ఒక బృందం మానవ కణాల్లో దాదాపు 19,000 చోట్లు, ఇంకో బృందం 11,000 చోట్లు నమోదు చేశాయి. 2021 నాటికి కొత్త రకం కొలతతో ఒకే పరుగులో 35,000 గుర్తులు చదవగలిగారు. 110 నుంచి ఇంత దూరం రావడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఈ పద్ధతిలో ఒక గోతి గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా దిగినవాళ్ళు అందులో పడటం ఖాయం. ట్రిప్సిన్‌తో కోసేముందు సిస్టీన్ అమైనో ఆమ్లాలను మూసేయడం ల్యాబుల్లో మామూలు. దానికి చాలాకాలం వాడింది అయోడోఅసిటమైడ్. అది మోతాదు మించితే, లేదా వేడి తగిలితే, లైసిన్ మీద కూడా అతుక్కుంటుంది. ఒకే లైసిన్ మీద రెండు అణువులు చేరితే పెరిగే బరువు సరిగ్గా 114.043. ఇది యాదృచ్ఛికంగా దగ్గరగా ఉన్న అంకె కాదు, రెండు గ్లైసిన్‌లలో ఉన్న కర్బన, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువుల లెక్కే ఇక్కడా ఉంటుంది. యంత్రం ఎంత సూక్ష్మంగా తూచినా తేడా తెలియదు. ఈ సంగతి 2008లో బయటపడ్డాక చాలామంది క్లోరోఅసిటమైడ్‌కు మారారు. పాత డేటా తీసి చూసేవాళ్ళు ముందు ఏ రసాయనం వాడారో చదువుకోవాలి.

ఇంకో చిక్కు చిన్నది. నెడ్8, ఐఎస్‌జీ15 అనే రెండు చిన్న ప్రొటీన్లు యుబిక్విటిన్‌కు బంధువులు. వాటి తోకలు కూడా ఆర్జినిన్, గ్లైసిన్, గ్లైసిన్ అనే ముగుస్తాయి, కాబట్టి ట్రిప్సిన్ తర్వాత మిగిలే గుర్తు ఒకటే. మామూలు కణాల్లో వీటి వాటా తక్కువ. వైరస్ సోకిన కణాల్లో ఐఎస్‌జీ15 బాగా పెరుగుతుంది, అప్పుడు జాగ్రత్త పడాలి. అనుమానం తీరాలంటే ట్రిప్సిన్ బదులు లైసిన్ దగ్గర మాత్రమే కోసే ఎంజైమ్ వాడి, యుబిక్విటిన్ తోకలో 13 అమైనో ఆమ్లాలు మిగిలేలా చేయవచ్చు. ఆ పొడుగాటి గుర్తు యుబిక్విటిన్‌కు మాత్రమే ప్రత్యేకం. దాన్ని పట్టే యాంటీబాడీ కూడా 2018లో వచ్చింది.

తీసేసి చూడటం

గుర్తులన్నీ చదవగలిగాం. కానీ ఏ చెయ్యి వేసిందో ఇంకా తెలియలేదు. తేలిగ్గా తట్టే ఉపాయం ఒకటుంది. లైగేజ్‌ను కణంలోంచి తీసేసి, ఏ గుర్తులు తగ్గాయో చూడటం. లేదా లైగేజ్‌ను పెంచి, ఏవి పెరిగాయో చూడటం. పార్కిన్ అనే లైగేజ్ విషయంలో 2013లో వేడ్ హార్పర్ బృందం చేసింది ఇదే. కొందరిలో చిన్న వయసులోనే వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు పార్కిన్ జన్యువులో లోపం కారణం. మైటోకాండ్రియా దెబ్బతిన్నప్పుడు మాత్రమే పార్కిన్ మేల్కొంటుంది. కాబట్టి మైటోకాండ్రియాను రసాయనంతో దెబ్బతీసి, పార్కిన్ ఉన్న కణాలనూ లేని కణాలనూ పోల్చారు. వందల చోట్ల, డజన్ల కొద్దీ ప్రొటీన్ల మీద పార్కిన్ వల్లే ముద్ర పడుతోందని తేలింది. వాటిలో ఎక్కువ భాగం మైటోకాండ్రియా బయటి పొర మీదివి. అది అంత బాగా కుదరడానికి కారణం, పార్కిన్‌ను లేపే స్విచ్ ఏదో ముందే తెలిసి ఉండటం.

స్విచ్ తెలియనప్పుడు చిక్కులు మొదలవుతాయి. లైగేజ్ జన్యువును తీసేసి వారాల తర్వాత కొలిస్తే మార్పులు వందల్లో కనిపిస్తాయి. వాటిలో నిజమైన సబ్‌స్ట్రేట్‌లు కొన్నే. ఒక సబ్‌స్ట్రేట్ పేరుకుపోయి ఇంకో పాతిక జన్యువులను ఆన్ చేస్తే, ఆ పాతిక ప్రొటీన్లు కూడా పెరిగినట్టే కనిపిస్తాయి. అందుకే నేను చూసేది రెండు కొలతలు కలిసొచ్చాయా అని. లైగేజ్ తీసేశాక ప్రొటీన్ మొత్తం పెరగాలి, అదే సమయంలో దాని మీది రెండు గ్లైసిన్‌ల గుర్తు తగ్గాలి. ప్రొటీన్ ఒక్కటే పెరిగితే జన్యువు ఎక్కువ పనిచేస్తూ ఉండొచ్చు. గుర్తు ఒక్కటే తగ్గితే ప్రొటీనే తగ్గిపోయి ఉండొచ్చు. రెండూ ఎదురు దిశల్లో కదిలితే అప్పుడు ఆసక్తి. ఇకారోస్ దొరికింది అలాగే, అక్కడ లైగేజ్‌ను మందు పురిగొల్పింది కాబట్టి దిశలు తారుమారు.

సమయాన్ని తగ్గించడం ఇంకో మంచి మార్గం. లైగేజ్‌కు ఒక చిన్న తోక తగిలించి, ఒక రసాయనం వేయగానే గంటా రెండు గంటల్లో అది మాయమయ్యేలా చేయవచ్చు. మొక్కల్లోని ఆక్సిన్ హార్మోన్ పద్ధతిని జంతు కణాల్లోకి తెచ్చి 2009లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ పద్ధతి పనిచేసేది కూడా ఒక యుబిక్విటిన్ లైగేజ్ సాయంతోనే. పరోక్ష ప్రభావాలు మొదలయ్యేలోపే కొలత అయిపోతుంది కాబట్టి జాబితా చిన్నదవుతుంది, నమ్మకం పెరుగుతుంది.

చాలామంది ముద్ర పడ్డ ప్రొటీన్లు ముక్కలవకుండా ప్రొటియాజోమ్‌ను ఆపి కొలుస్తారు. గుర్తులు బాగా పోగవుతాయి, నిజమే. కానీ ప్రొటియాజోమ్ ఆగితే యుబిక్విటిన్ అంతా ఆ గొలుసుల్లో ఇరుక్కుపోయి, కణంలో ఖాళీ యుబిక్విటిన్ తగ్గిపోతుంది. డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రొటీన్ల మీద మామూలుగా ఉండే ముద్రలు కూడా అప్పుడు తగ్గిపోతాయి. ఆ తగ్గుదలకు లైగేజ్‌తో ఏ సంబంధమూ ఉండదు. అందుకే మందు వేసిన కణాలూ వేయని కణాలూ రెండూ కొలవాలి.

చేతిగుర్తును తిరిగి తేవడం

పోలిక ఎంత జాగ్రత్తగా చేసినా అది పరోక్ష సాక్ష్యమే. లైగేజ్‌ను లాగి దానితో ఏవి వచ్చాయో చూడటం ఇంకో దారి, కానీ పట్టు బలహీనం. పట్టును గట్టిపరచడానికి ఉపాయాలు పన్నారు. లైగేజ్‌లోని ముద్ర వేసే భాగాన్ని చెడగొడితే అది సబ్‌స్ట్రేట్‌ను పట్టుకుంటుంది, ముద్ర వేయలేక వదల్లేక అలాగే ఉండిపోతుంది. కల్లిన్ కుటుంబం లైగేజ్‌లన్నిటినీ ఒకే మందుతో నిద్రపుచ్చవచ్చు, అప్పుడు వాటి చేతిలో ఉన్నవి జారిపోవు. ఇంకొందరు లైగేజ్‌కు యుబిక్విటిన్‌ను పట్టుకునే ముక్కలు కలిపి కుట్టారు. తాను ముద్ర వేసిన ప్రొటీన్‌ను ఆ ముద్ర ద్వారానే అది మళ్ళీ పట్టుకుంటుంది. ఇరుగుపొరుగు ప్రొటీన్లకు బయోటిన్ అనే చిన్న విటమిన్ అణువును పూసే ఎంజైమ్‌ను లైగేజ్‌కు తగిలించే పద్ధతి కూడా బాగా వాడుకలో ఉంది. 2018లో వచ్చిన టర్బోఐడీ అనే అలాంటి ఎంజైమ్ పది నిమిషాల్లో ఆ పని చేస్తుంది. అయితే పక్కన ఉన్నంత మాత్రాన సబ్‌స్ట్రేట్ అయిపోదు. లైగేజ్‌తో కలిసి పనిచేసేవీ, దాన్ని అదుపు చేసేవీ కూడా బయోటిన్ పూసుకుని జాబితాలోకి వస్తాయి.

2023లో వచ్చిన బయోఇ3 అనే పద్ధతి ఈ లోటును తెలివిగా పూడ్చింది. బిర్ఏ అనే బ్యాక్టీరియా ఎంజైమ్ ఒక నిర్దిష్టమైన చిన్న పెప్టైడ్‌కు మాత్రమే బయోటిన్ పూస్తుంది. బిర్ఏను లైగేజ్‌కు తగిలించారు. ఆ పెప్టైడ్‌ను కొంచెం బలహీనపరిచి యుబిక్విటిన్‌కు తగిలించారు. బలహీనపరచడంలోనే కిటుకు ఉంది. దూరంగా తిరిగే యుబిక్విటిన్‌కు బయోటిన్ పట్టదు, ఆ లైగేజ్ దగ్గరికి వచ్చినదానికే పడుతుంది. సబ్‌స్ట్రేట్‌కు అతికేది కూడా ఆ బయోటిన్ పూసిన యుబిక్విటినే. తర్వాత బయోటిన్‌ను ఎంతో గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో లాగి, ఊరికే అంటుకున్నవన్నీ పోయేలా తీవ్రంగా కడిగేస్తారు. ముద్ర మీద వేసినవాడి గుర్తు అచ్చుపడటం అంటే ఇదే. లైగేజ్‌నూ యుబిక్విటిన్‌నూ రెండిటినీ మార్చాల్సి రావడం దీనికున్న ఖర్చు, ఆ మార్పులు లైగేజ్ నడవడికను మార్చలేదని విడిగా చూపించుకోవాలి.

జాబితా వచ్చాక

పని సగమే అయింది. కొలతల గ్రాఫ్‌లో పై మూలన మెరిసే చుక్కలు అనుమానితుల పేర్లు, తీర్పులు కావు. శుద్ధి చేసిన ఇ1, ఇ2, లైగేజ్, సబ్‌స్ట్రేట్‌లను ఒక గొట్టంలో కలిపితే ముద్ర పడుతుందా? కొత్త ప్రొటీన్ తయారీని సైక్లోహెక్సిమైడ్‌తో ఆపి చూస్తే, లైగేజ్ లేని కణాల్లో ఆ ప్రొటీన్ ఎక్కువసేపు నిలుస్తుందా? లైగేజ్‌ను తిరిగి పెడితే తగ్గుతుందా, పనిచేయని లైగేజ్‌ను పెడితే తగ్గకుండా ఉంటుందా? ఈ చివరి ప్రశ్న లేకుండా నేను ఏ జాబితానూ నమ్మను.

కొందరు గుర్తు దొరికిన లైసిన్‌ను మార్చేసి, ప్రొటీన్ ఇంకా ముక్కలవుతోంది కాబట్టి అది సబ్‌స్ట్రేట్ కాదు అంటారు. అది తొందరపాటు. చాలా లైగేజ్‌లు ఈ లైసిన్ దొరక్కపోతే పక్క లైసిన్‌తో సరిపెట్టుకుంటాయి. అవి పట్టింపుగా చూసేది డెగ్రాన్‌ను, అంటే తాము పట్టుకునే చోటును. మార్చి చూడాల్సింది ఆ చోటును.

ఈ వివరాలన్నీ ఇప్పుడు మందుల పరిశోధనలో రోజువారీ పనులయ్యాయి. ఇండిసులామ్ అనే పాత క్యాన్సర్ మందు డీక్యాఫ్15 అనే లైగేజ్ భాగాన్ని ఆర్‌బీఎమ్39 ప్రొటీన్ మీదికి మళ్ళిస్తుందని 2017లో తెలిసింది. జబ్బు చేసే ప్రొటీన్‌ను లైగేజ్ దగ్గరికి లాక్కొచ్చి ముక్కలు చేయించే కొత్త అణువులు ఎన్నో తయారవుతున్నాయి. కానీ ఆరువందల పైచిలుకు లైగేజ్‌లలో ఎక్కువమంది వాడుతున్నవి రెండే, సెరెబ్లాన్, వీహెచ్‌ఎల్. మిగతావాటి సహజ సబ్‌స్ట్రేట్‌లు తెలియకుండా వాటిని అరువు తీసుకుంటే, అవి రోజూ చేసే పనికి ఏం జరుగుతుందో ముందే చెప్పలేం.

రెండు గ్లైసిన్‌ల యాంటీబాడీకి అందని ముద్రలూ ఉన్నాయి. అది వెతికేది లైసిన్ మీదే. మైక్‌బీపీ2 అనే లైగేజ్ యుబిక్విటిన్‌ను త్రియోనిన్‌కు అతికిస్తుందని 2018లో తేలింది. హాయిల్-1 సెరిన్, త్రియోనిన్‌లకు అతికిస్తుంది. ఎన్ని వేల గుర్తులు చదివినా ఇవి ఆ వలలో పడవు. 2021లో ఫెలిక్స్ రాండో బృందం చూపించినది ఇంకా వింత. కణంలోకి చొరబడ్డ సాల్మొనెల్లా బ్యాక్టీరియా మీద మన కణం యుబిక్విటిన్ కప్పుతుంది. ఆ పని చేసే లైగేజ్‌లలో ఆర్‌ఎన్‌ఎఫ్213 ఒకటి. ముద్ర ఏ బ్యాక్టీరియా ప్రొటీన్ మీద పడుతోందో అని వెతికితే, అది ప్రొటీనే కాదని తేలింది. బ్యాక్టీరియా బయటి పొరలోని లైపోపాలీశాకరైడ్ అనే కొవ్వు, చక్కెరల అణువు అది. అందులో ట్రిప్సిన్ కోయడానికి లైసిన్ లేదు, మాస్ స్పెక్ట్రోమీటర్ డేటాబేస్‌లో వెతకడానికి దానికొక ప్రొటీన్ వరుసా లేదు.